గొంతు పోయిన లాప్‌టాప్

మొదటిసారి అది ఆగిపోయినప్పుడు నా చెవిలో "ప్రతివాది" అన్న మాట నడుస్తోంది. "ప్ర" దగ్గర ఇరుక్కుపోయింది. ప్ర, ప్ర, ప్ర అంటూ ఒకటే ముక్క, డబ్బాలో పడ్డ కందిరీగలా రొద పెట్టింది. ఏ కీ నొక్కినా పలకలేదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయాల్సి వచ్చింది. మళ్ళీ తెరిచేసరికి ఆ పొద్దున టైప్ చేసినదాంట్లో చివరి భాగం లేదు.

నాకు చూపు లేదు. పదో తరగతిలో ఉండగానే బోర్డు మీద అక్షరాలు కరిగిపోవడం మొదలైంది. ఇంటర్ అయ్యేసరికి పగలూ రాత్రీ తేడా తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది. ఇది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. దీనికి ఎవరూ అయ్యో అనాల్సిన పని లేదు.

ఎల్.బి.నగర్ మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో ఒక చిన్న ఆఫీసులో నా ఉద్యోగం. రికార్డు చేసిన మాటల్ని విని తెలుగు అక్షరాల్లోకి మార్చడం మా పని. విచారణలు, సంఘాల సమావేశాలు, ఉపన్యాసాలు, ఎవరో పెద్దాయన తన జీవితం చెప్పుకుంటూ మధ్యమధ్య దగ్గే పొడుగాటి రికార్డింగులు. అందరూ ఆఫీసు కంప్యూటర్ల మీద చేస్తారు. నేను మాత్రం నా లాప్‌టాప్ మీద చేస్తాను. తెర మీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, స్క్రీన్ రీడర్, అందులో నాకు కావలసినట్టు అమర్చుకుని ఉంది. ఆ గొంతు ఎంత వేగంగా చదువుతుందంటే పక్కవాళ్ళకి ఒక్క ముక్కా అర్థం కాదు. నాకు ఆ వేగమే హాయి. రికార్డింగు ఆపిన సందుల్లో ఆ గొంతు వింటూ తప్పులు సరిచేసుకుంటూ పోతాను. తప్పులు తక్కువ వచ్చేది నా ఫైళ్ళలోనేనని ఆఫీసులో అందరికీ తెలుసు. ఒప్పుకోవడం వేరే సంగతి.

ఆ వారం నుంచి లాప్‌టాప్ ఎప్పుడు పడితే అప్పుడు ఆగడం మొదలుపెట్టింది. ఒకరోజు అసలు ఆగదు, మర్నాడు గంటగంటకీ ఆగుతుంది. పక్కవాళ్ళ కంప్యూటర్ ఆగితే వాళ్ళకి కనీసం ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. నాది ఆగితే నా ముందు ప్లాస్టిక్ పలక ఒకటి మిగులుతుంది, అంతే.

మా టీమ్ లీడ్ విజయవాడ వైపు మనిషి. మర్యాదస్తుడు. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నా కుర్చీ పక్కకి వచ్చి నిలబడి, "మేడం, మీ మాట్లాడే సాఫ్ట్‌వేర్ బరువెక్కువండి. అదే సిస్టంని ఆపేస్తుంది. అది తీసేసి చూడండి," అన్నాడు.

"అది తీసేస్తే మీరొచ్చి నాకు చదివి పెడ్తరా సార్?" అన్నాను.

ఆయన నవ్వాడు. కోపం తెచ్చుకోవద్దన్నాడు. నాకోసమే ఆలోచిస్తున్నానన్నాడు. రిసెప్షన్‌లో ఫోన్లు చూసే అమ్మాయి మానేస్తోందట, ఆ కుర్చీ ఖాళీ అవుతోందట. "హాయిగా కూర్చుని ఫోన్లెత్తుకోవచ్చండి. ఈ తలనొప్పంతా మీకెందుకు?"

హాయిగా అన్న ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. చూపు పోయిన కొత్తలో, చదువు మానేసి హాయిగా ఇంట్లో ఉండమన్నారు. మూసారాంబాగ్‌లో గది కిరాయికి తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ నేర్చుకుంటానంటే, అవన్నీ నీకెందుకమ్మా, హాయిగా పాటలు నేర్చుకో అన్నారు. నాకు పాట రాదు. రాగం తీస్తే మా అమ్మే లేచి వెళ్ళిపోయేది. ఆ మాట అన్న ప్రతిసారీ నా చేతిలో ఉన్నదేదో ఒకటి తీసుకుని పక్కన పెట్టారు. ఫోన్లెత్తడం తక్కువ పనేం కాదు. కానీ అది నేను ఎంచుకున్న పని కాదు. చూపు లేదు కాబట్టి చెవులుంటే చాలనే పని నాకు సరిపోతుందని ఇంకెవరో ఎంచిన పని.

సోమవారం దాకా ఆగమన్నాను. తప్పు ఎక్కడుందో కనిపెట్టి చెబుతానన్నాను. కనుక్కోవడం మీ వల్ల ఎలా అవుతుందండి అని ఆయన అనలేదు. అనబోయి ఆగిన చప్పుడు మాత్రం వినిపించింది.

ముందు ఆ స్క్రీన్ రీడర్ మీదే అనుమానం పెట్టుకుని చూశాను. అలాంటివి వేరేవి కూడా ఉంటాయి. సిస్టంతోపాటే వచ్చేది ఒకటుంది, ఉచితంగా దొరికేది ఒకటుంది. నాది ఆపేసి వాటితో పని చేశాను. వాటితోనూ ఆగింది. అంటే తప్పు నా గొంతుది కాదు. వేడెక్కుతోందేమోనని అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. మామూలుగానే ఉంది. ఫ్యాన్ తిరగడంలో తేడా లేదు. ఛార్జర్ పెట్టి, తీసేసి చూశాను. ఏం చేసినా తనకు ఇష్టమైనప్పుడు ఆగుతోంది.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో చేస్తాడు. పోచంపల్లి నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. మగ్గం వాళ్ళ నాన్నతోనే ఆగిపోయింది. ఈయనకి చీర మడత విప్పడం మాత్రం మిగిలింది. షాపు దగ్గర్లోనే రిపేరు షాపు ఉందని, పర్మిషన్ పెట్టి నన్ను తీసుకెళ్ళాడు. మెట్రో దిగి మెట్లు దాటేసరికి బట్టల షాపుల ముందు మైకులు, చాట్ బండ్ల దగ్గర పెనం చప్పుళ్ళు, హయత్‌నగర్ హయత్‌నగర్ అని ఆటోవాళ్ళ కేకలు. అంత రొదలో నా కర్ర చప్పుడు నాకే వినపడదు. ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచాను.

షాపు సెల్లార్‌లో ఉంది. సీసం కరిగించి వైర్లు అతికే వాసన. అక్కడి మనిషి లాప్‌టాప్ తీసుకుని, "అన్నా, ఏం ప్రాబ్లం?" అన్నాడు మా ఆయనతో. నేను చెప్పాను. "మేడం ఏం వాడ్తది అన్నా దీంట్ల?" అన్నాడు మళ్ళీ మా ఆయనతోనే. మళ్ళీ నేనే చెప్పాను. కాసేపటికి, "అన్నా, పాస్‌వర్డ్ ఏంది?" అన్నాడు.

మా ఆయన, "నాకు తెల్వదు భయ్, అది ఆమెదే," అన్నాడు.

పోయి చాయ్ తాగి రమ్మని మా ఆయనకి చెప్పాను. నా గొంతులో ఆ రకం మాట వస్తే ఆయన ఎదురు చెప్పడు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇక ఆ మనిషికి నాతో మాట్లాడక తప్పలేదు. చెడ్డవాడేం కాదు. మదర్‌బోర్డు మీద అనుమానంగా ఉందన్నాడు, ముందు ఫార్మాట్ కొట్టి చూస్తానన్నాడు. ఫార్మాట్ అంటే సిస్టం మొత్తం తుడిచేసి కొత్తగా వెయ్యడం. నేను ఏళ్ళ తరబడి చేర్చుకున్న షార్ట్‌కట్లు, పేర్ల స్పెల్లింగులు అన్నీ పోతాయి. ఫైళ్ళు ఆఫీసులో ఉన్నాయి కాబట్టి సరేనన్నాను.

మర్నాడు సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళి తెచ్చుకున్నాను. పొద్దంతా టెస్టింగ్ పెట్టి ఒదిలేశాడట. "ఒక్కసారి గూడ ఆగలే మేడం. ఇంటికాడ మీరు ఎట్ల వాడ్తున్నరో జర చూస్కోండ్రి," అన్నాడు.

వనస్థలిపురంలో ఇంటికి చేరి తెరిచాను. మాట లేదు. పోయిందే అనుకున్నాను గానీ, రిపేరు షాపు మనిషి సౌండ్ పూర్తిగా తగ్గించి ఇచ్చాడు. పెంచుకుని, స్క్రీన్ రీడర్ మళ్ళీ వేసుకుని, అమరికలన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోపే మళ్ళీ ఆగింది. ఈసారి "మ" దగ్గర. మ, మ, మ అంటూ అదే కందిరీగ.

అన్నం తినేటప్పుడు మా ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. ఇంకోటి తీసుకుందాంలే అన్నాడు. అందాకా ఫోన్ పని కూడా పనే కదా, కొన్నాళ్ళు చేస్తే పోయేదేముంది అన్నాడు. నా మంచికే అన్నాడని తెలుసు. తెలిసినా ఊరుకోలేకపోయాను.

"రేపటి సంది నువ్వు చీరలు చూపెట్టుడు బంద్ చేసి గేటు కాడ కూసోమంటే కూసుంటవా?" అన్నాను.

ఆయన నా కంచంలో ఇంకొంచెం పెరుగు వేశాడు. మా ఇంట్లో సారీ చెప్పుకునే పద్ధతి అదే.

మా అత్తమ్మ ఇదంతా వింటూ ఉంది. ఆమెకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతుంది. కానీ సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కించుకుంటుంది. మర్నాడు పొద్దున నా పక్కన కూర్చుని, "ఏం చూడాల్నో చెప్పు బిడ్డా, నేను చూస్త," అంది.

అంతవరకూ ఎవర్నీ చూడమని అడగడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె అడిగిన తీరు వేరు. నేను చూసి పెడతా నువ్వు కూర్చో అనలేదు. ఏం చూడాలో నన్ను చెప్పమంది. నాకు తెలియాల్సింది ఒక్కటే. మాట ఆగినప్పుడు మాట ఒక్కటే ఆగుతోందా, మొత్తం సిస్టం ఆగుతోందా? మూలన గడియారం అంకెలు ఎక్కడుంటాయో, బాణం గుర్తు ఎలా ఉంటుందో చెప్పాను. మాట ఇరుక్కున్నప్పుడు నేను మౌస్ కదిపాను. "బాణం కదుల్తలేదు," అంది. గడియారం కూడా ఆగిపోయిందట. గోడ గడియారం నడుస్తోంది, ఇది నడవడం లేదు అంది. మాటతోపాటు మొత్తం ఆగిపోతోందన్నమాట.

ఆ రోజు బట్టలు ఆరేస్తూ రిపేరు షాపు మనిషి మాట మళ్ళీ గుర్తు చేసుకున్నాను. మీరు ఎట్ల వాడ్తున్నరో చూస్కోండ్రి అన్నాడు. ఆ మాటకి ఆ పూట ఒళ్ళు మండింది. కానీ అదే ప్రశ్న నన్ను నేను వేసుకుంటే? అతని దగ్గర పొద్దంతా ఆగనిది నా దగ్గర ఎందుకు ఆగింది? అతనికీ నాకూ తేడా ఏమిటి? అతను చూస్తాడు, నేను వింటాను. అతని షాపులో అది పొద్దంతా మూగగా పడి ఉంది. సౌండ్ సున్నా. నా దగ్గర ప్రతి కీకీ ఒకసారి నోరు తెరుస్తుంది.

ఇంకొకటి కూడా తట్టింది. అది ఎప్పుడు ఆగినా మాట మొదట్లోనే ఆగుతోంది. ప్ర, మ, ఒకసారి శ్రీ. మాట మధ్యలో ఎప్పుడూ ఆగలేదు. కాసేపు ఊరుకుని మళ్ళీ నోరు తెరిచేటప్పుడే గొంతు పట్టేస్తోంది. తప్పు మదర్‌బోర్డులో లేదు, నా స్క్రీన్ రీడర్‌లో లేదు. చప్పుడు బయటికి వచ్చే దారిలో ఉంది.

లాప్‌టాప్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి వచ్చింది. సంగతంతా వరసగా చెప్పాను. నాకు చూపు లేదని చెప్పగానే, "మీ పక్కన చూపున్నవాళ్ళెవరైనా ఉన్నారా మేడం? వాళ్ళకి ఫోన్ ఇస్తారా?" అంది.

"ఉన్నరు. వాళ్ళకు దీని గురించి ఏం తెల్వది. నాకు తెలుసు. నాతోనే మాట్లాడండి," అన్నాను.

లైన్‌లో ఉండమంది. మళ్ళీ పాట. ఆ పాట అయ్యేదాకా కూడా ఉండకుండా నేనే పెట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన షాపుకి వెళ్ళాక మేమిద్దరం కూర్చున్నాం. అత్తమ్మ ఒళ్ళో చిక్కుడుకాయల గిన్నె, కళ్ళు తెర మీదేనని తనే చెప్పింది. ఆన్‌లైన్ క్లాసుల రోజుల నాటి పాత హెడ్‌సెట్ ఒకటి బీరువాలో ఉండాలి, వెతికి తీశాను. ఒక చెవి స్పాంజి ఊడిపోయింది. కానీ అది గుండ్రటి పిన్ను హెడ్‌ఫోన్ కాదు, పెన్‌డ్రైవ్ పెట్టే చోట పెట్టేది. తేడా ఏమిటంటే, గుండ్రటి పిన్నుది లాప్‌టాప్‌లో ఉన్న సౌండ్ భాగం మీదే ఆధారపడుతుంది. ఇది తన సౌండ్ భాగం తనలోనే పెట్టుకుని వస్తుంది. ఇంట్లో బోరు పాడైతే పక్కింటి నల్లాకి పైపు తగిలించుకున్నట్టు.

అది పెట్టుకుని పని మొదలుపెట్టాను. కావాలనే ఆపుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, ఫైళ్ళు తెరుస్తూ మూస్తూ, దానికి ఎన్ని రకాలుగా విసుగు తెప్పించాలో అన్ని రకాలుగా తెప్పించాను. చిక్కుడుకాయలు అయిపోయాయి. ఆగలేదు. అప్పుడు హెడ్‌సెట్ పీకేశాను. మాట లాప్‌టాప్ స్పీకర్లోకి వచ్చింది. అత్తమ్మ గిన్నె వంటింట్లో పెట్టి వచ్చేలోపు ఆగిపోయింది. మళ్ళీ తెరిచి, మళ్ళీ హెడ్‌సెట్ పెట్టి, మళ్ళీ తీసి చూశాను. పెడితే నడుస్తోంది, తీస్తే ఆగుతోంది. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఏ గదిలో ఉన్నాడో తెలిసింది.

లాప్‌టాప్‌లో స్పీకర్‌కి, కీబోర్డుకి, తెరకి, ప్రతి భాగానికీ సిస్టంకీ మధ్య మాట మోసే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. అది తప్పు చేస్తే తానొక్కటే పడిపోదు, సిస్టం మొత్తాన్ని పట్టుకుని పడుతుంది. స్పీకర్ డ్రైవర్ తేదీ వెతికి చూశాను. కంపెనీ వాళ్ళది, ఆగడం మొదలైన వారంలోనే వచ్చిన కొత్తది. ఫార్మాట్ కొట్టినా ఎందుకు బాగుపడలేదో అప్పుడు అర్థమైంది. అంతా తుడిచాక నెట్ తగలగానే సిస్టం ఆ డ్రైవర్‌నే మళ్ళీ తెచ్చి పెట్టుకుంది.

సంగతి చెబితే అత్తమ్మ, "దీంట్ల డ్రైవరెవడే?" అంది.

"ఉన్నడు అత్తమ్మ, తాగి నడుపుతున్నడు," అన్నాను.

"మరి దించెయ్యి," అంది.

దించెయ్యడం అంత తేలిక కాదు. స్పీకర్ డ్రైవర్ తీసేస్తే స్పీకర్‌లో మాట పోతుంది. హెడ్‌సెట్ గొంతు మీద నమ్మకం పెట్టుకుని చెయ్యాలి. నా లెక్క తప్పయితే నా చేతులతో నేనే నోరు కుట్టేసుకున్నట్టు. అయినా డివైస్ మేనేజర్ తెరిచి, స్పీకర్ పేరు దాకా బాణం కీతో దిగి, అన్‌ఇన్‌స్టాల్ దగ్గర ఆగాను. డ్రైవర్ ఫైళ్ళు కూడా తుడిచెయ్యాలా అని ఒక గడి ఉంది. దాంట్లో టిక్కు పెట్టి ఎంటర్ కొట్టాను. రీస్టార్ట్ చేశాను. సిస్టం తన దగ్గర ఉన్న సాదా డ్రైవర్ ఒకటి తానే వేసుకుంది. హెడ్‌సెట్ తీసేశాను. స్పీకర్ లోంచి గొంతు వచ్చింది. కాస్త పల్చగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుగా. సాయంత్రం దాకా ఆడించాను. ఆగలేదు.

సోమవారం ఆఫీసుకి దర్జాగా వెళ్ళాను. టీమ్ లీడ్‌ని, పక్కనున్న ఇద్దరు ముగ్గురిని పిలిచి, సంగతి చెప్పి, స్పీకర్ గొంతు పెంచి చూపించడం మొదలుపెట్టాను. ఒక పేరా అయిందో లేదో, క, క, క అంటూ ఆగిపోయింది. అందరి ముందు.

టీమ్ లీడ్ చాలా మెత్తగా, "చూశారుగా మేడం. పోనీలెండి, మీ ప్రయత్నం మీరు చేశారు," అన్నాడు. ఆ మెత్తదనం భరించడమే కష్టమైంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ముఖం వేడెక్కిపోయింది. ఒక్క క్షణం ఆ రిసెప్షన్ కుర్చీ ఎలా ఉంటుందో కూడా ఊహించాను. తర్వాత లాప్‌టాప్ మళ్ళీ తెరిచి, సంచిలోంచి హెడ్‌సెట్ తీసి పెట్టుకుని, అందరూ నిలబడి ఉండగానే డ్రైవర్ తేదీ చూశాను. కంపెనీ డ్రైవర్ మళ్ళీ కూర్చుని ఉంది. ఆ పొద్దుటే వచ్చింది. నేను తీసి పారేసినదాన్ని నన్ను అడక్కుండా అప్‌డేట్ పేరుతో సిస్టం మళ్ళీ తెచ్చి లోపల కూర్చోబెట్టింది.

టీమ్ లీడ్ వెళ్ళిపోబోతుంటే ఆపాను. హెడ్‌సెట్‌లో నేను వినేది ఆయన వినలేడు కాబట్టి, ఏ మెనూలోకి వెళ్తున్నానో, ఏం నొక్కుతున్నానో ప్రతి ఒక్కటీ పైకి చెబుతూ చేశాను. ఆయన ముందే ఆ డ్రైవర్ తీశాను. ఈసారి ఇంకో అడుగు కూడా వేశాను. డ్రైవర్లు సిస్టం తనంతట తాను తెచ్చుకోవడం అన్న అమరికను వెతికి, వద్దు అని పెట్టాను. ముందురోజు నేను చెయ్యాల్సి ఉండి చెయ్యనిది అదే. రీస్టార్ట్ చేసి, హెడ్‌సెట్ పీకి, ఆయన చేతిలో పెట్టాను. సాయంత్రం దాకా మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. దాని అవసరం రాదన్నాను.

ఆ రోజు స్పీకర్ మీదే పని చేశాను. గదిలో అందరికీ ఆ వేగం గొంతు తలనొప్పిగానే ఉండి ఉంటుంది. ఒకమ్మాయి తగ్గించమని అడిగింది కూడా. రేపటి నుంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటానని, ఈ ఒక్కరోజుకి ఓర్చుకోమని చెప్పాను. ప్రతి మాట మొదట్లో నా వేళ్ళు బిగుసుకునేవి. ప్ర వచ్చింది, దాటింది. మ వచ్చింది, దాటింది. మధ్యాహ్నానికి వేళ్ళు వదులయ్యాయి. సాయంత్రానికి ఫైలు పూర్తయింది.

వెళ్ళే ముందు టీమ్ లీడ్ వచ్చి హెడ్‌సెట్ నా బల్ల మీద పెట్టాడు. బాగుందన్నాడు. కానీ మళ్ళీ ఎప్పుడైనా ఆగితే క్లయింట్ల దగ్గర ఇబ్బంది కదా అన్నాడు. రిసెప్షన్ సంగతి పూర్తిగా వదిలెయ్యకుండా మనసులో ఉంచుకోమన్నాడు.

"మళ్ళ ఆగితే మళ్ళ వెతుకుత సార్. మొన్న వానలల్ల మీ సిస్టం గూడ ఆగింది. మిమ్మల్నెవరూ రిసెప్షన్‌ల కూసోమనలే."

వెనక ఎవరో దగ్గారు, అది నవ్వు దాచుకోవడమేమో తెలియదు. ఆయన, "అది నిజమేనండి," అన్నాడు. ఆ మాటలో ఎకసెక్కెం లేదు. ఫోన్ల పని గురించి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. మా మధ్య కొన్నాళ్ళు పొడిపొడిగా నడిచింది. ఆ కుర్చీలోకి నాగోలు నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఆ పని కావాలనే వచ్చింది, చక్కగా చేస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళినప్పుడు రిపేరు షాపు మనిషికి కూడా చెప్పాను. అంతా విని, మంచిదే మేడం, నేను ఫార్మాట్ కొట్టినందుకే సెట్ అయ్యుంటది అన్నాడు. వాదించాను. ఒప్పుకోలేదు. అన్ని చోట్లా గెలవలేం. అయితే ఆ తర్వాత మా ఆయన ఒక చార్జర్ కోసం వెళ్తే, మేడంని ఒక మాట అడగాలె అన్నా, ఒక కస్టమర్‌ది సౌండ్‌తోనే హ్యాంగ్ అయితుంది అన్నాడట. నా నంబరు ఇచ్చి, ఆమెనే అడుగు అని చెప్పి వచ్చాడట మా ఆయన.

చూపు లేనివాళ్ళ ఫోన్ గ్రూపు ఒకటి ఉంది మాకు. జరిగిందంతా వాయిస్ మెసేజ్‌గా పెట్టాను. తుర్కయంజాల్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఇంటి దగ్గరే పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. ఆమెది కూడా అదే కంపెనీ లాప్‌టాప్. దాన్ని మూలన పడేసి చాలా రోజులైందట. పిల్లల పాఠాలు వాళ్ళ అన్న చదివి పెడుతున్నాడట, ఆయనకి తీరిక ఉన్నప్పుడు. ఒక సెలవు రోజు సాగర్ రోడ్డు బస్సెక్కి వెళ్ళాను.

వాళ్ళ అన్న కుర్చీలు వేసి, చాయ్ పెట్టించి, లాప్‌టాప్ తన ముందుకు జరుపుకున్నాడు. "మీరు చెప్తా ఉండండి మేడం, నేను చేస్త. మీ ఇద్దరికి కష్టం గద," అన్నాడు.

"కష్టమేం గాదు అన్నా. ఆమె చేస్తది. మీరు జర పక్కకి జరగండి," అన్నాను.

ఆయన కుర్చీ వెనక్కి లాగిన చప్పుడైంది. ఆమె ముందుకు జరిగి, నేను తెచ్చిన హెడ్‌సెట్ తగిలించుకుంది. పాత కీబోర్డు, కీలు గట్టిగా ఉన్నాయి. భయంగా ఉందక్కా అంది మెల్లగా. నాకూ భయమే అయింది, నొక్కు అన్నాను. డివైస్ మేనేజర్ దాకా ఆమె వేళ్ళే వెళ్ళాయి. స్పీకర్ పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ దగ్గర ఆగి, నన్ను మళ్ళీ అడగకుండానే ఎంటర్ కొట్టింది.